ఎండ వచ్చే వరస

నవంబరులో పోయిన ఎండ
ఫిబ్రవరి నడిమికి గాని మా ఊరి మొహం చూడదు.
ఫ్యోర్డ్‌కి అవతల, దక్షిణాన, అడ్డంగా కొండ.
దాన్ని ముసలిది అంటారు. ఎందుకని అడిగితే
ఒక్కో ఇంట్లో ఒక్కో కథ.

ఊరి పేరు స్కుగ్గెవీక్. నీడల ఖాతం అని అర్థం.
పేరు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు.
కింద ఆరువందల మీటర్ల నీళ్లు,
వెనక ఎంత తలెత్తినా అయిపోని రాయి,
రెంటికీ మధ్య చీర అంచంత పచ్చిక:
పదిహేడు ఇళ్లు, ఒక చర్చి, ఒక రేవు.
సముద్రం ఇక్కడికి నూరు కిలోమీటర్లు నడిచొచ్చి
అలిసిపోయి, అల ఎత్తడం మరిచిపోయింది
అని బళ్లో రాశాను ఒకసారి.
మా నాయనమ్మ రాగ్న్‌ఫ్రిద్ ఆ కాగితం చదివి
"మరిచిపోలేదు" అంది. అంతే అంది.

పద్దెనిమిదివందల అరవై ఏడు, జనవరి, రాత్రి.
ముసలిదాని భుజం విరిగి నీళ్లలో పడింది.
చర్చి పుస్తకంలో పాదిరి గుండ్రటి అక్షరాలు:
ఇరవైముగ్గురు మనుషులు, పదకొండు ఆవులు,
ఒక గోడగడియారం.
రేవు పక్కనున్న పాత శ్మశానాన్నీ అల ఊడ్చుకుపోయింది.
పోయినవాళ్లే మళ్లీ పోయారు.
వాళ్లను లెక్కలో రాయలేదు.

కొత్త శ్మశానం గుట్ట మీద కట్టారు,
ఊళ్లో మొదటి ఎండ పడేచోట.
పెద్దల మీద గౌరవం అంటుంది టూరిస్టుల కాగితం.
అదేం కాదు. అక్కడ మంచు ముందు కరుగుతుంది,
పార దిగుతుంది.
అందాకా శవపేటికలు పడవల కొట్టంలో
ఉప్పుచేపల పీపాల పక్కన
వంతు కోసం ఆగేవి.

శ్మశానం తర్వాత బడి గోడ.
మూతపడే ఏడు బడికి నేనొక్కదాన్నే.
షూర్ మాస్టారు అయినా హాజరు పిలిచేవాడు,
నేను అయినా లేచి నిలబడేదాన్ని.

మా తాత ఆస్‌మున్‌ది పైన కొండ అంచు మీది పొలం.
అక్కడ చలికాలమంతా ఎండే.
కిందినించి మేం దాన్ని
పొరుగింటి పుల్లకూరలా చూసేవాళ్లం.
గడ్డిమోపుల్ని ఇనుప తీగకి తగిలించి వదిలేవాడు తాత,
అవి ఊళవేస్తూ రేవు దాకా వచ్చేవి.
ఒక మోపులో పెళ్లాడతావా అని చీటీ పెట్టాడట.
ఆవు తినేసింది.
మరుసటేడు కోతలదాకా ఆగి
మళ్లీ రాశాడు.
ఎండలో పుట్టినవాడు నీడకి ఇల్లరికం వచ్చాడని
నాయనమ్మ చచ్చేదాకా చెప్పుకుంది, గర్వంగానే.

ఇప్పుడు సొరంగం వచ్చింది.
కొండ లోపల ఏడు నిమిషాలు, కార్లు దూసుకుపోతాయి,
బయట ఒక ఊరుందని వాటికి తెలీదు.
పడవ ఆగిన రోజు టికెట్లమ్మే టూర్‌లెయివ్
మిగిలిన టికెట్లన్నీ తనే కొనుక్కున్నాడు.

ముసలిదాని ఒంటినిండా ఇప్పుడు యంత్రాలు.
ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు జరుగుతోందట,
మా గోళ్లు పెరిగినంత.
నెలకోసారి సైరన్ మోగించి చూస్తారు.
కుక్కలకి కూడా అలవాటైపోయింది.
"కదలకపోతే కదా భయపడాలి" అనేది నాయనమ్మ,
అర్థమేమిటో నేనడగలేదు.

రేవు పక్కిల్లు మాది. ఎండ వరసలో ఆఖరిది.
శ్మశానానికి వచ్చిన పద్నాలుగు రోజులకి మాకు.
ఆ పూట కిటికీ గట్టు మీద వెన్నముద్ద పెట్టేది,
సూర్యుడికి.
లూథర్ మతంలో ఉందా ఇది అని ఆటపట్టిస్తే
"ఆకలి అన్ని మతాల్లోనూ ఉంది" అనేది.

నవంబరులో పోయింది, ఎండ పోయిన మూడో రోజు.
ఇప్పుడు తవ్వడానికి యంత్రముంది,
ఎవరూ కొట్టంలో ఆగక్కర్లేదు.
ఈ ఏడు ఆమె మొదటి పంక్తిలో కూర్చుంది.

ఇవాళ వెన్న సాసరులో తీసుకెళ్లాను.
పన్నెండూ పంతొమ్మిదికి ముసలిదాని భుజం మీంచి,
విరిగిన ఆ సందులోంచే,
వచ్చింది. నాలుగు నిమిషాలుంది.
వెన్న కరగలేదు. నాలుగు నిమిషాలకేం కరుగుతుంది.
రాతి మీద మంచు మాత్రం
ఆమె పేరులో మొదటి అక్షరం దాకా తడిసింది.

సాసరు అక్కడే వదిలి కిందికి దిగాను.
ఇంటికి ఇంకా పద్నాలుగు రోజులు.